అడిగారు కనక చెబుతున్నా!

సినిమా తారలకి ఉత్తరాలు రావడం మామూలే. "మీకిష్టమైన రంగేది? పొద్దున్నే ఏం టిఫిన్ తింటారు? పెళ్లెప్పుడు?" ఇలాంటివన్నీ వాళ్లని అడగాల్సిన ప్రశ్నలు. వారం వారం పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాసుకునే నాలాంటిదాన్ని ఇవి ఎవరడుగుతారు? ఎవరూ అడగరనే ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను.

అడుగుతున్నారండీ!

పోయిన నెల ఎడిటరుగారు లావుపాటి కవరొకటి నా చేతిలో పెట్టి, "ఇవన్నీ మీకే. పుస్తకాల గురించి అడిగింది ఇద్దరే. మిగతా వాళ్లంతా మీ గురించే అడిగారు. ఒక్క వారం పుస్తకాలకి సెలవిచ్చి వీళ్ల సంగతి చూడండి" అన్నారు. ఎడిటరుగారి మాట కాదంటే ఎలా? చూద్దాం.

మొదటి ఉత్తరం కాకినాడది. "మీరు నిజంగా ఆడవారేనా? ఆడపేరుతో రాస్తున్న మగవారని మా ఫ్రెండ్స్ అంటున్నారు. పందెం కూడా కాశాం. త్వరగా చెప్పండి."

నాయనా, నేను ఆడదాన్నే. పందెం డబ్బులు వసూలు చేసుకో. అయితే మీ ఫ్రెండ్స్ అనుమానాన్ని తీసిపారెయ్యకు. రచయిత్రుల నవలలు వేడి వేడి పకోడీల్లా అమ్ముడుపోయిన 1960లు, 70లలో ఆడపేర్లతో రాసిన మగవాళ్లు మనకి ఉన్నారు. 'బీనాదేవి' అన్న పేరు వెనకయితే ఏకంగా ఇద్దరున్నారు. భాగవతుల నరసింగరావుగారు, ఆయన భార్య త్రిపురసుందరమ్మగారు. ఒక్క పేరు, రెండు బుర్రలు! నా పేరు వెనక ఉన్నది మాత్రం ఒక్కతే. బుర్ర సంగతి మీకే వదిలేస్తున్నా.

"మీ వయసెంత?" అని పదకొండు మంది అడిగారు. ఆడవాళ్లని అడక్కూడని ప్రశ్నే అయినా చెబుతాను. యండమూరి నవల 'రాక్షసుడు' సినిమాగా వచ్చిన 1986లో నేను అయిదో తరగతి. లెక్క మీరే వేసుకోండి. లెక్క తప్పిందా, నాకు సంతోషమే!

"మీవారు ఏమీ అనరా? ఎప్పుడూ పుస్తకమేనా?" అని ఒక కొత్త పెళ్లికూతురు అడిగింది. మావారికి పుస్తకం చూస్తే నిద్రొస్తుంది తల్లీ. సినిమా అంటే మాత్రం ప్రాణం. అందుకే మా కాపురం సజావుగా సాగుతోంది. నేను నవల చదివి కథ చెబుతాను, ఆయన సినిమా చూసి కథ చెబుతారు. నవల సినిమాగా వస్తే మాత్రం ఆ రోజు ఇంట్లో యుద్ధమే! ఏది బాగుందన్నది ఇప్పటిదాకా తేలలేదు. ఈ నాలుగు వాక్యాలూ ఆయనకి చదివి వినిపించి, సరేనన్నాకే రాశాను. ఎందుకలా వినిపించానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"మీకు పుస్తకాలు ఊరికే ఇస్తారా?" అని ఒకాయన కాస్త ఘాటుగానే అడిగారు. కొందరు రచయితలు పంపిస్తారు. ఎక్కువ భాగం కొనుక్కుంటాను. పంపినవాళ్ల పుస్తకం నచ్చకపోతే నచ్చలేదనే రాస్తాను. రెండోసారి వాళ్లు పంపరు. అంతే!

ఇలా నవ్వుకుంటూ ఒక్కొక్కటే చదువుతూ ఉంటే, అడుగున ఖమ్మం నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం కనిపించింది. "మూడేళ్ల క్రితం మీరు మీ అక్కగారి ప్రేమలేఖ గురించి రాశారు. అద్దె నవల్లో పెట్టి దొరికిపోయిందని! నేనూ మా హాస్టల్ అమ్మాయిలూ పడీ పడీ నవ్వాం. ఆ అబ్బాయెవరు? తర్వాత ఏమైంది? ప్లీజ్, ప్లీజ్ చెప్పండి."

నాకు నవ్వు రాలేదు. ఆ ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. రెండ్రోజులు దాని జోలికే పోలేదు.

ఇప్పుడు చెబుతాను. చెప్పొచ్చని మా అక్కే అంది.

మాది తెనాలి. మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల కొట్టుండేది. నవలకి రోజుకి పావలా. అట్ట మీద అట్ట వేసి, దారంతో కుట్టి, వీపు మీద నెంబరు రాసి ఉండేవి ఆ నవలలు. చేతులు మారీ మారీ వాటికి చివరి పేజీలు ఉండేవి కావు. హీరో రైలెక్కుతాడు, హీరోయిన్ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొస్తుంది... అక్కడితో పుస్తకం ఆఖరు! ముగింపు అక్కా నేనూ కల్పించుకునేవాళ్లం. అక్క కల్పించే ముగింపు అసలుదానికన్నా బాగుండేదని నా నమ్మకం.

అక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసై ఇంట్లో ఉంది. నాన్న ఇక చదివించనన్నారు. ఆ ఎండాకాలంలోనే ఒకరోజు నవల తిరిగిచ్చి రమ్మని అమ్మ నన్ను కొట్టుకి పంపింది. సాయంత్రానికల్లా కొట్టాయన మా ఇంటికొచ్చి, "మీ అమ్మాయిది కాబోలు, నవల్లో ఉండిపోయింది" అని మడిచిన కాయితం ఒకటి నాన్న చేతికిచ్చి వెళ్లాడు. నాన్న దాన్ని విప్పనైనా విప్పలేదు. అక్క మొహంలోకి ఒకసారి చూసి, నాలుగు ముక్కలుగా చింపి పొయ్యిలో పడేశారు. ఆ రోజు నుంచి ఇంట్లో నవల బంద్. ఏడాది తిరక్కుండా అక్క పెళ్లయిపోయింది.

పదకొండేళ్ల పిల్లకి ఏమర్థమవుతుంది? నవల, ఉత్తరం, నాన్న కోపం, పెళ్లి. నేను చూసిన సినిమాలన్నిట్లో ఈ నాలుగూ కలిస్తే ఒకటే కథ. అక్క ఎవరినో ప్రేమించింది! అంతే. ఆ కథ నాలో అలాగే పెరిగి పెద్దదైంది. మూడేళ్ల క్రితం అద్దె లైబ్రరీల గురించి ఈ పేజీలోనే రాయవలసి వచ్చినప్పుడు, సరదాగా ఉంటుంది కదా అని దాన్ని పైకి తీశాను. 'మా అక్క ప్రేమలేఖ' అని కాస్త మసాలా కూడా దట్టించాను. పేరు రాయలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

ఎంత తెలివితక్కువదాన్నో చూడండి! నాకున్నది ఒక్కతే అక్క. 'మా అక్క' అంటే ఇక పేరు రాయడమెందుకు? నన్నెరిగిన ప్రతివాళ్లకీ అది ఆవిడేనని తెలుసు.

రెండు నెలల తర్వాత గుంటూరులో అక్క అత్తవారి వైపు ఒక పెళ్లి. నేనూ వెళ్లాను. బంతిలో భోజనాలు చేస్తుంటే ఎదురుగా కూర్చున్న ఒకావిడ అందరికీ వినపడేట్టు, "ఏం వదినా, మీ చెల్లెలు రాసింది చదివాం. ఆ ఉత్తరం ఎవరికేం? మా అన్నయ్యకి చెప్పావా, లేదా?" అంది. బంతి మొత్తం గొల్లుమంది. బావగారు కూడా నవ్వేశారు, మంచి మనిషి కనక. అక్క నవ్వలేదు. విస్తరి మడిచి లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు అక్క నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే బావగారెత్తి "పడుకుందమ్మా" అనేవారు. సంక్రాంతికి రాలేదు. నా పుట్టినరోజుకి ఏటా పొద్దున్నే అక్క ఫోన్ వచ్చేది. ఆ ఏడు రాలేదు. నాకూ లోపల కాస్త కోపం లేకపోలేదు. నలభై ఏళ్లనాటి ముచ్చట, ఎవరికేం నష్టమైంది, ఇంత రాద్ధాంతం దేనికి అనుకున్నాను.

చివరికి నేనే గుంటూరు వెళ్లాను. అక్క వంటింట్లో గోంగూర ఒలుస్తోంది. నన్ను చూసి ఏమీ అనలేదు. నేనే పక్కన కూర్చుని ఆకు తుంచడం మొదలుపెట్టాను. చాలాసేపయ్యాక అడిగింది.

"ఆ ఉత్తరం నువ్వు చదివావా?"

"లేదక్కా."

"నాన్న చదివారా?"

"లేదు. చింపేశారుగా."

"మరి అందులో ఏముందో నీకెలా తెలుసే?"

నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు చెప్పింది. ఆ ఉత్తరం ఏ అబ్బాయికీ కాదు. ఒక రచయిత్రికి! ఆ రోజుల్లో ఆవిడ సీరియల్ కోసం అక్క వారం వారం ఎదురుచూసేది. ఉత్తరమైతే రాసింది కానీ, కవరుకి డబ్బులెలాగా అని ఆలోచిస్తూ నవల్లో దాచుకుంది. అమ్మ ఆ నవలే తీసి నా చేతికిచ్చి పంపింది.

"ఏం రాశావక్కా?" అన్నాను.

"మీ నవలల్లో అమ్మాయిలు డిగ్రీ చదువుతారు, ఉద్యోగం చేస్తారు. చాలామందికి నాన్న ఉండడు. నాకు ఉన్నారు. నేను బి.యస్సీ. చదవాలంటే ఆయన్ని ఎలా ఒప్పించాలి? మీ హీరోయిన్ని అడిగి చెప్పండి అని రాశాను."

చెప్పేసి మళ్లీ గోంగూర ఒలవడంలో పడింది. నాకు మాత్రం చెయ్యి ఆడలేదు.

నాన్న ఆ కాయితం విప్పి చదివి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. బహుశా అప్పుడూ వద్దనే అనేవారేమో. కానీ ఆయన చదవకుండానే అందులో ఏముందో తేల్చేసుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత నేనూ అచ్చంగా అదే పని చేశాను. ఆయన చింపి పొయ్యిలో వేశారు. నేను అచ్చు వేసి ఊరందరికీ పంచాను. ఏది పెద్ద తప్పో మీరే చెప్పండి.

ఇంకో సంగతి. పిల్లలు హైస్కూల్లో ఉండగా అక్క ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. కట్టింది. 1982లో మన రాష్ట్రంలో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం అక్కలాంటి ఎందరికో రెండో తలుపు తెరిచింది. ఆదివారం ఆదివారం క్లాసులకెళ్లేది. ముప్ఫయ్ అయిదేళ్ల వయసులో ఎందుకే ఈ ఆపసోపాలని అప్పుడు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అదీ, ఆ చిరిగిపోయిన ఉత్తరమూ ఒకే కథలోవని నాకు తట్టలేదు. వందల నవలలు చదివినదాన్ని, పక్కనే ఉన్న ఈ ఒక్క కథ చదవలేకపోయాను.

మీకు కుతూహలం ఉండకూడదని నేననను. అది లేకపోతే పుస్తకాలూ ఉండవు, సినిమాలూ ఉండవు. భానుమతిగారి 'అత్తగారి కథలు' చదువుతూ "ఈ అత్తగారు నిజంగా ఉన్నారా?" అనుకోనివాళ్లెవరు? ఆవిడే తర్వాత 'నాలో నేను' అని తన జీవితం తనే చెప్పుకున్నారు. ముళ్లపూడి వెంకటరమణగారు 'కోతికొమ్మచ్చి'లో తన కష్టాలు చెబుతూ మనల్ని నవ్వించారు. మన కళ్లు తడిసినా అది ఆయన ఇష్టపడి చెప్పిన సంగతే. తన కథ తను చెప్పుకోవడం వేరు, ఇంకొకరి కథ మనం చెప్పడం వేరు. తారల గురించి మనం చదివే కబుర్లలో ఎన్ని మొదటి రకమో, ఎన్ని రెండో రకమో ఈసారి చదివేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. వాళ్లకీ పెళ్లి బంతులుంటాయి. ఎదురుగా కూర్చుని గట్టిగా అడిగేవాళ్లూ ఉంటారు.

ఇక ఖమ్మం అమ్మాయీ, నీకు జవాబు. అబ్బాయి లేడమ్మా. ఎప్పుడూ లేడు. నేను కల్పించాను. నవ్వినందుకు నువ్వేమీ బాధపడకు, తప్పు నాది.

నీ ఉత్తరం అక్కకి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాయి. ఈసారి సరిగ్గా రాయి" అంది. "అచ్చుకి పంపేముందు నాకు చదివి వినిపించు" అని కూడా అంది. వినిపించాను. రెండు చోట్ల కొట్టేయించింది. ఆ రచయిత్రి ఎవరో మాత్రం రాయొద్దంది. రాయను. ఎన్ని ఉత్తరాలు రాసినా చెప్పను!

కాబట్టి మిత్రులారా, ఇకమీదట నా గురించి ఏమడిగినా జవాబిస్తాను. కళ్లజోడు పవరు దగ్గర్నుంచి, ఏ నవల చదివి ఏడ్చానో దాకా. మా ఇంట్లోవాళ్ల గురించి అడిగితే వాళ్లనడిగి చెబుతాను. వాళ్లు వద్దంటే అంతే సంగతులు.

అన్నట్టు, ఈ ఏడు నా పుట్టినరోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఏ తేదీనో మాత్రం అడక్కండి!