తలుపు మూసి కొలవాలి

అమెరికాలో వైఫై డిజైన్ పని మీద ఆఫీసులు, ఆసుపత్రులు, గిడ్డంగులు చాలా తిరిగాను. జైలు వాటిలో దేన్నీ పోలదు. ఏదీ దాటిపోకూడదనే అక్కడ గోడలు కడతారు, రేడియో తరంగాలనూ అవి అంతే గట్టిగా ఆపుతాయి.

నేను పని చేసిన జైల్లో ఖైదీలకు టాబ్లెట్లు ఇస్తున్నారు. పాఠాలు, వైద్యానికి అర్జీలు, ఇంటికి ఫోను, అన్నీ వాటిలోనే. నాకు ముఖ్యమనిపించింది ఫోనే. జైల్లో ఉన్న మనవడితో మాట్లాడే ఖర్చు భరించలేక వాషింగ్టన్ డీసీలో మార్తా రైట్ అనే పెద్దావిడ మొదలుపెట్టిన పోరాటం, ఆవిడ పోయిన కొన్నేళ్లకు, 2023 జనవరిలో ఆవిడ పేరుతోనే చట్టమైంది. ధర తగ్గినా సిగ్నల్ అందకపోతే ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు ఒరిగేదేముంది?

గేటు దగ్గర మా ఫోన్లు లాకర్లో పెట్టించారు. స్క్రూడ్రైవర్ మొదలు టేపు చుట్ట దాకా ప్రతిదీ రాసుకున్నారు. వెళ్లేటప్పుడు ఆ జాబితాతో సరిచూసుకున్నాకే బయటికి వదిలారు.

అంతకుముందు ఒక కంపెనీ గీసిచ్చిన సిగ్నల్ మ్యాపులో సెల్లులన్నీ పచ్చగా, అంటే సిగ్నల్ బాగున్నట్టు, ఉన్నాయి. వైఫై సిగ్నల్ పంపే యాక్సెస్ పాయింట్లన్నీ మధ్య హాలు కప్పుకే. ఖాళీ సెల్లొకటి చూపించమని ఆఫీసర్ని అడిగాను. తలుపు తెరిచి ఉండగా మంచం దగ్గర సిగ్నల్ బలం మైనస్ 62 డీబీఎం వచ్చింది. మాట తెగకుండా వినబడాలంటే మైనస్ 67 కన్నా పడిపోకూడదన్నది మా పనిలో లెక్క. తలుపు మూయమన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి మూశాడు. ఉక్కు తలుపు, చుట్టూ ఇనప ఊచలు వేసి పోసిన కాంక్రీటు. మైనస్ 81. తల పెట్టుకునే మూల నెట్‌వర్కే దొరకలేదు.

"హాల్లో వస్తోందిగా, చాలదా?" అన్నారు మీటింగులో. హాల్లో అంతమంది వింటుండగా కొడుకు పుట్టినరోజున తండ్రి ఏం మాట్లాడగలడు? సెల్లులో పెట్టి తాళం వేశాకే కదా అతనికి కాస్త ఏకాంతం. ఆ మాటే గట్టిగా చెప్పాను.

దారి సెల్లుల వెనకే ఉంది. రెండు వరసల మధ్య నీళ్ల పైపులు, గాలి గొట్టాలు పోయే ఇరుకు సందు. తాళం సిబ్బంది దగ్గరే ఉంటుంది. యాక్సెస్ పాయింట్లు అక్కడ పెట్టి, యాంటెన్నాలు సెల్లుల వైపు తిప్పి, పవర్ తగ్గించాం. గాలి కోసం వదిలిన కంతల గుండా సిగ్నల్ లోపలికి వెళ్లింది. ఒక్కోటి కొన్ని సెల్లులకే పరిమితం కాబట్టి ఒకదానికొకటి అడ్డం రాలేదు, గోడ బయటికీ పెద్దగా పోలేదు. హాల్లో ఉంచినవాటికి పైభాగం ఏటవాలుగా ఉండే ఉక్కు పెట్టెలు బిగించాం. వాటికి గుడ్డ పేలికైనా ముడి వేయడానికి పట్టు దొరకదు. ప్రాణం తీసుకోవాలనుకునే మనిషి చేతికి ఆధారం అందకూడదని అలా చేస్తారు. ఆ పెట్టె మీద చెయ్యి జారుతుంటే మొదటిసారి నా గొంతు పట్టేసింది.

పని అప్పగించే ఒప్పందంలో ఒక షరతు పట్టుబట్టి రాయించాను: ప్రతి కొలతా తలుపు మూసి, మంచం మీద నుంచే తీయాలి. పై అంతస్తు చివరి సెల్లులు ఆ పరీక్షలో తప్పాయి. వాటి వెనక సందులో ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టాం.