ఒక లోడంటే ఎంత?

చీర కొనాలంటే పది కొట్లు తిరుగుతాం. బియ్యం కొనాలంటే గింజ కొరికి చూస్తాం. అదేమిటో, ఇంటికి ఇసుకో కంకరో కావలసివచ్చేసరికి మాత్రం, "ఒక లోడు తోలించండి" అనేసి లోపలికి వెళ్ళిపోతాం. అది మగవాళ్ళ వ్యవహారమని మన నమ్మకం. మగవాళ్ళేమో మేస్త్రీ వ్యవహారమనుకుంటారు. మేస్త్రీ లారీవాడి వ్యవహారమంటాడు. లారీవాడికి మాత్రం ఏ సందేహమూ ఉండదు. అర్ధరాత్రి వచ్చి, గేటు ముందు గుమ్మరించి, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతాడు.

ఇంతకీ లోడంటే ఎంత?

చిక్కడపల్లిలో మా ఇల్లు పాతకాలపుది. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. అశోక్‌నగర్ వైపు వెళితే ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ళు. అందరి బోర్లూ ఒక్క నేలనే పీలుస్తున్నాయి. మా బోరు మార్చి నెలలోనే దగ్గడం మొదలుపెట్టింది. ఇక ఇంకుడు గుంత తవ్వించక తప్పదనుకున్నాం. 2002లో వచ్చిన వాల్టా చట్టం వాననీటిని నేలలోకి ఇంకించమనే చెబుతోంది. కానీ మనలో మాట, చట్టం చెబితే కదలని ఇల్లాలు కూడా ఖాళీ బిందెను చూస్తే కదులుతుంది!

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైచిలుకు నీళ్ళు. పదిహేను లీటర్ల బిందెలతో అరవై! అవన్నీ గొట్టంలోంచి జారి, వీధి కాలవలో కలిసి, హుస్సేన్‌సాగర్ నాలా దారిన మూసీకి పోతున్నాయి. 2000 ఆగస్టులో ఆ నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ ఇళ్ళల్లోకి నీళ్ళు చొరబడిన సంగతి ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. వానాకాలంలో పిలవకుండా ఇంట్లోకి వచ్చే నీళ్ళు, వేసవిలో పిలిచినా రావు.

మేస్త్రీ వచ్చి గుంతకు గీత గీశాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి అమ్మా. ఒక లోడు కంకర, ఒక లోడు దొడ్డు ఇసుక ఏయించుండ్రి. అయిపోతది."

"ఎన్ని ఘనపుటడుగులు?" అన్నాను.

"లోడమ్మా!" అన్నాడు, నాకు వినపడలేదేమోనని కాస్త గట్టిగా.

మావారు పేపరు దించకుండానే, "నీ నవలల్లో పేజీలు లెక్కపెట్టుకో, చాలు" అన్నారు.

నేను చదివింది బి.ఏ. లెక్కలకూ నాకూ ఆమడ దూరం. అయినా పొడవునూ వెడల్పునూ లోతునూ గుణించడానికి ఇంజనీరు కానక్కర్లేదు కదా! గుంత ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. అడుగున మూడడుగుల మేర 40 మిల్లీమీటర్ల కంకర. దాని మీద అడుగు మందాన 20 మిల్లీమీటర్ల కంకర. ఆపైన అడుగు దొడ్డు ఇసుక. మిగిలిన అడుగూ వాననీళ్ళు నిలబడడానికి ఖాళీ. పెద్ద కంకర 108 ఘనపుటడుగులు తేలింది. "అష్టోత్తరం! శుభం" అన్నారు అత్తయ్యగారు. చిన్న కంకర 36, ఇసుక 36. వంద ఘనపుటడుగుల్ని వ్యాపారులు ఒక యూనిట్ అంటారు. మనకు కావలసిన ఇసుక అందులో సగం కూడా కాదు. లోడు దింపించుకుంటే మిగిలినదంతా వీధి పిల్లుల పాలు!

ఎంత అన్నది తేలింది. ఎలాంటిది అన్నది తేలాలి. నారాయణగూడలో నా స్నేహితురాలి అపార్టుమెంటులో చవగ్గా వస్తుందని, కూల్చిన ఇంటి రద్దుతో గుంత నింపేశారు. మొదటి వానకే నీళ్ళు నిలిచిపోయాయి. ఇంకడం మాట దేవుడెరుగు, దోమలు మాత్రం చక్కగా కాపురం పెట్టాయి. పాపం, గుంత ఉందన్న తృప్తితో వాళ్ళు రెండేళ్ళు గడిపారు. ఆ రెండేళ్ళూ బోరు కిందికే పోయింది.

ఎందుకంటారా? కంకర గుట్టలో పది పాళ్ళకు నాలుగు పాళ్ళు ఖాళీయే. రాయికీ రాయికీ మధ్యనున్న ఆ సందే గుంతకు ప్రాణం. రద్దులోని సున్నమూ మట్టీ, జల్లించని కంకరలోని రాతిపొడీ ఆ సందులు పూడ్చేస్తాయి. ఇప్పుడు కట్టడాలకు రాయిని పిండి చేసిన మిషను ఇసుక వాడుతున్నారు. గోడకు అది సరే, పొడి కడగనిదయితే గుంతకు మాత్రం పనికిరాదు.

అందుకని ఇసుక తోలకముందే నమూనా తెప్పించాను. ఖాళీ హార్లిక్స్ సీసాలో సగం దాకా ఇసుక, ముప్పాతిక దాకా నీళ్ళు, చెంచాడు ఉప్పు. బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే ఇసుక అడుగుకు దిగి, మట్టి పైన పొరగా తేరుతుంది. ఆ పొర ఇసుకలో నూటికి 8 పాళ్ళు మించకూడదు. మొదటి వ్యాపారి ఇసుక మీద మీగడలా వేలెడు మట్టి కట్టింది. రెండో వ్యాపారిది నిలిచింది.

ఇక తడి సంగతి. అరిసెలకు కొట్టిన తడిపిండి జల్లిస్తే గిన్నె నిండా పొంగుతుంది, అదిమితే దిగిపోతుంది. ఇసుకా అంతే. కాస్త తేమ తగిలితే నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది. నీళ్ళలో నిండా మునిగితే మళ్ళీ దిగిపోతుంది. తడి ఇసుకను తూకానికి కొంటే నీళ్ళకు డబ్బిచ్చినట్టు, కొలతకు కొంటే గాలికి డబ్బిచ్చినట్టు. ట్రాక్టరు వచ్చినప్పుడు పైన చదును చేయించి, తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు టేపు పెట్టి చూశాను. డ్రైవరు నన్ను వింతగా చూశాడు గాని మాట్లాడలేదు.

ఇంత పట్టింపు పైసల కోసమేనా అంటే, కాదు. ఏటి అడుగున ఇసుక ఉన్నన్నాళ్ళే ఆ చుట్టుపట్ల బావుల్లో నీళ్ళు. మంజీర తవ్వినా గోదావరి తవ్వినా ఎవరో ఒక ఇల్లాలి బావి ఒక మెట్టు దిగుతుంది. మా బోరు బాగు కోసం ఆవిడ బిందె ఎండబెట్టే హక్కు నాకు లేదు. 36 అడుగులు కావాలంటే 36 అడుగులే. తవ్విన మట్టి కూడా పారబోయించలేదు. పైమట్టి మొక్కల కుండీల్లోకీ, అడుగున వచ్చిన మొరం వాకిలి పల్లం సర్దడానికీ సరిపోయింది.

జూన్‌లో వాన పడింది. గుంతలో నీళ్ళు చూస్తుండగానే దిగిపోయాయి. బోరు సంగతి ఒక్క వానతో తేలేది కాదు, రెండు మూడేళ్ళు చూడాలి. మిగిలిన కూలి తీసుకోవడానికి వచ్చిన మేస్త్రీ మాత్రం, డబ్బు జేబులో పెట్టుకున్నా కదలడే!

"ఏమిటయ్యా?" అన్నాను.

"బాగ్‌లింగంపల్లిల ఇంకో గుంత పనుందమ్మా. ఆ సీసా ఒకపారి ఇస్తరా?"