బొట్టుబిళ్ళ దాకా సముద్రం

2011లో కాన్సాస్ చేరిన తొలివారంలోనే పటం ముందు పరుచుకుని ఇక్కడికి సముద్రం ఎంత దూరమో కొలిచాను. అతి దగ్గరి తీరానికి వెళ్లాలన్నా కారులో ఒక పగలంతా ప్రయాణం. పెదవాల్తేరులో పుట్టి, సాయంత్రమైతే చాలు గాలిలో ఉప్పదనం తగలడం సహజమనుకుంటూ పెరిగిన దాన్ని. ఆ సహజత్వం ఉన్నట్టుండి ఆగిపోతే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. గడియారం టిక్కుటిక్కు ఆగిపోయాక కదా, అంతసేపూ అది వినబడుతోందని మనకు తెలిసేది!

ఈ నేల కూడా ఒకప్పుడు సముద్రమేనన్న సంగతి తర్వాత తెలిసింది. ఎనిమిది కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాను నడిమికి చీలుస్తూ ఒక లోతట్టు సముద్రం ఉండేదట. పశ్చిమ కాన్సాస్ సుద్దరాళ్లలో మోససార్ల ఎముకలు నేటికీ దొరుకుతాయి. హచిన్సన్ అనే ఊరి కింద 650 అడుగుల లోతులో అంతకంటే ఎంతో పాతదైన మరో సముద్రం వదిలివెళ్లిన ఉప్పు గని ఉంది. అయితే, ఎండిపోయిన సముద్రాలు బెంగను తీర్చవు.

హెచ్-4 వీసా మీద వచ్చినవారికి అప్పట్లో ఉద్యోగం చేసే హక్కు లేదు. (2015 మే నెల నుంచి కొందరికి దొరికింది.) ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివి, ఇక్కడ పొద్దున్నే మావారి డబ్బా సర్ది, తలుపు వేసి, మళ్లీ సాయంత్రం తలుపు తీయడం నా ఉద్యోగమైంది. ఆయన మంచివారే, డబ్బు అడిగితే లేదనలేదు. కానీ అడగడం అనే పని ఒకటుందే, అది చేసినవారికే తెలుస్తుంది. నాదంటూ నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క వంద డాలర్ల నోటు. విశాఖ విమానాశ్రయంలో నాన్నగారు కవరులో పెట్టి ఇచ్చారు. "ఇది అల్లుడిగారి పద్దులో కలపకమ్మా, నీకంటూ ఏదైనా కొనుక్కో" అన్నారు. ఎనిమిది నెలల పాటు అది చీరల మడతల్లోనే ఉండిపోయింది.

ఒక శనివారం మా వీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్ముతుంటే, రెండు డాలర్లకు ఒక చిన్న గాజు తొట్టి కనిపించింది. రెండున్నర గ్యాలన్లు, అంటే దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు. మన పప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది. చదువుకునే రోజుల్లో పగడపు జీవులను నేను చూసింది ఫార్మలిన్ సీసాల్లోనే. రంగు వెలిసి, పాత పత్తిలా ఉండేవి. సీలెంటరేటా వర్గం మీద ఇరవై పేజీలు రాసి మొదటి శ్రేణి తెచ్చుకున్న దాన్ని, బతికున్న పాలిప్‌ను ఒక్కటీ చూడలేదు. తొట్టి చేతిలోకి తీసుకోగానే ఏం చేయబోతున్నానో నాకు తెలిసిపోయింది. ఇంటికి వచ్చి చీరల మడతలు విప్పాను.

పద్దు ఇది: తొట్టి రెండు డాలర్లు, నీళ్లను వెచ్చగా ఉంచే పాతిక వాట్ల హీటరు పద్నాలుగు, వెనక తగిలించే వాడిన ఫిల్టరు తొమ్మిది, సముద్రపు ఉప్పు పొట్లం ఎనిమిది, క్లిప్పు దీపమూ పగటి వెలుతురునిచ్చే బల్బూ కలిపి పన్నెండు, ఉప్పదనం కొలిచే హైడ్రోమీటరు తొమ్మిది. అన్నిటికంటే ఖరీదైనది రాయి! మూడు పౌన్లకు ఇరవై ఒకటి. వెరసి డెబ్బై అయిదు. "రాయికి ఇరవై డాలర్లా! మన యారాడ దగ్గర ఎన్ని కావాలంటే అన్ని" అని ఫోనులో మా అమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. నీళ్లు మాత్రం ఇంటి సరుకుల పద్దులో కలిపేశాను, ఆ చిన్న దొంగతనం ఒప్పుకుంటున్నాను. కుళాయి నీళ్లు దీనికి పనికిరావు. శుద్ధి కోసం కలిపే క్లోరిన్, క్లోరమిన్, గొట్టాల నుంచి దిగే రాగి, అన్నీ అందులో ఉంటాయి. వెన్నెముక లేని జీవులకు రాగి కాస్తయినా విషమే. అందుకని దుకాణంలో దొరికే స్వేదన జలం డబ్బాలు మోసుకొచ్చాను.

వంటింటి ఉప్పుతో సముద్రం తయారవదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో సోడియం, క్లోరైడులతో పాటు మెగ్నీషియం, కాల్షియం, బైకార్బొనేట్లు కూడా తగుపాళ్లలో ఉండాలి. ఆ పాళ్లన్నీ కలిపిన ఉప్పునే పొట్లాల్లో అమ్ముతారు. కలిపాక సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. నిలిపాను. ఆపై ఇంకో చిక్కు వచ్చింది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం పోదు. పెద్ద తొట్టిలో గ్లాసుడు నీళ్లు తగ్గితే ఎవరికీ పట్టదు. తొమ్మిది లీటర్లలో, అందునా చలికాలం హీటర్లతో ఎండిపోయిన ఇంటి గాలిలో, రోజూ అరగ్లాసు చొప్పున తగ్గితే నాలుగు రోజులకే నీరు చిక్కబడుతుంది. కనుక రోజూ ఉప్పు కలపని మంచినీళ్లు అంతే కొలతకు పోయాలి. ఆ కొలత గుర్తు కోసం గాజుకు బయట నీటిమట్టం దగ్గర ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అతికించాను. వేల డాలర్ల తొట్టెలకు ఈ పని చేసే యంత్రాలుంటాయి. మా ఇంట్లో ఆ పని శిల్పా బొట్టుబిళ్ళ చేసింది.

ఇక నేను చేసిన తప్పు.

కొత్త నీళ్లలో చేప బతకదు. జీవులు విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది కొంతవరకూ ఫరవాలేదు. ఈ సూక్ష్మజీవులు రాతి రంధ్రాల్లో కాపురం పెట్టి తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది పాలు తోడుపెట్టడమే. బతికున్న రాయి తోడు చుక్క. ఎంత మంచి తోడైనా వేసిన పది నిమిషాలకు గిన్నె వంచి చూస్తే పెరుగుంటుందా? ఈ నత్రజని చక్రం బొమ్మ గీసి పరీక్షలో పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ వారాంతం మా ఇంటికి నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి వస్తున్నాయి. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఉద్యోగస్తులు. పోయినసారి కలిసినప్పుడు "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే నేను నీళ్లు నమిలాను. ఈసారి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలనిపించింది. రాయీ నీళ్లూ చూపిస్తే ఏం బాగుంటుంది? తొట్టి పెట్టి ఆరో రోజున, నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేప పిల్లను పదహారు డాలర్లకు తెచ్చి వదిలాను. తొమ్మిది లీటర్లు ఆ చేపకు ఏనాటికీ చాలవని కూడా తెలుసు. తెలిసే చేశాను.

భోజనాల నాడు పిల్లలందరూ తొట్టి చుట్టూ మూగారు. పెద్దవాళ్లు మెచ్చుకున్నారు. "మీరు జువాలజీ కదూ" అని ఒకావిడ గుర్తుపెట్టుకుని మరీ అన్నది. మర్నాటికి చేప నీటి పైకి వచ్చి ఎగశ్వాస తీయడం మొదలుపెట్టింది. సగం నీళ్లు మార్చాను, మళ్లీ మార్చాను. సోమవారం తెల్లవారేసరికి రాయి పక్కన ఒరిగి ఉంది. మావారు లేవకముందే తీసి కాగితంలో చుట్టి, పెరట్లో మంచు కింద గట్టిగా గడ్డకట్టిన మట్టిని గరిటెతో గోకి పాతిపెట్టాను. ఆ రోజే మిగిలిన తొమ్మిది డాలర్లలో ఎనిమిది పెట్టి అమ్మోనియా పరీక్షసామగ్రి కొన్నాను. అన్నిటికంటే ముందు కొనవలసింది చివర కొన్నాను! నాన్నగారి వందలో ఒక డాలరు మిగిలింది.

మూడు రోజుల తర్వాత మావారు కాఫీ తాగుతూ, "గరిటె ఏమైంది, వంకరపోయింది?" అన్నారు. చెప్పాను. ఆయన కాసేపు తొట్టి కేసి చూసి, "దీన్ని ఎవరికోసం పెట్టావు?" అని మాత్రం అడిగారు. దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగారు. నాకు సమాధానం తోచలేదు.

ఆ తర్వాత రెండు నెలలు తొట్టిలో ఏమీ వేయలేదు. ఊరికే కూర్చుని చూశాను. అప్పుడు మొదలైంది అసలు వినోదం. మొదట రాయంతా గోధుమరంగు మడ్డి పట్టి, చూడ్డానికి రోతగా తయారైంది. అది డయాటమ్ నాచు, కొత్త తొట్టెలన్నిటికీ వచ్చే బాలారిష్టం. దానంతట అదే పోయింది. రాతి సందులోంచి గుండుసూది తలంత ఈక కుచ్చు ఒకటి విచ్చుకుంది, నా నీడ పడగానే చటుక్కున గొట్టంలోకి ముడుచుకుంది. గొట్టపు పురుగు! రాత్రి దీపం ఆర్పాక టార్చి వేసి చూస్తే గాజు మీద ఆవగింజల్లా కోపిపోడ్లు పాకుతున్నాయి. ఒక మూల గులాబీరంగు సున్నపు నాచు మచ్చలు వేసింది. వీటిలో దేన్నీ నేను కొనలేదు. ఇరవై ఒక్క డాలర్ల రాయిలో దాక్కుని వచ్చి, నేను చేతులు ముడుచుకున్నాక బయటికి వచ్చాయి. ఫార్మలిన్ సీసాల మీద అంటించిన పేర్లు ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి.

దుకాణంలో పరిచయమైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ముప్ఫై ఏళ్లుగా తొట్టెలు పెంచుతున్నాయన, ఒకనాడు గులకరాయికి అతుక్కున్న తొమ్మిది జువాంథిడ్ పాలిప్‌లను సంచిలో పోసి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. మన పెరళ్లలో మల్లె అంటు ఇచ్చినట్టే ఇక్కడ వీటిని తుంచి ఇచ్చుకుంటారు. ఇస్తూ ఒక హెచ్చరిక చేశారు: ఈ జాతుల్లో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది, చేతికి గ్లవుజులు లేనిదే ముట్టుకోవద్దు, ఇవి అంటిన రాయిని పొరపాటున కూడా వేడినీళ్లలో ఉడికించవద్దు, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవారున్నారు. ఇవి కావాలనుకునేవారు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

ఆకుపచ్చ నడిమి, నారింజ అంచు. చొక్కా బొత్తాల కంటే చిన్నవి. పొద్దున దీపం వేసిన అరగంటకు విచ్చుకునేవి, ఆర్పితే ముడుచుకునేవి. వీటి కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురులో పిండివంట చేసి ఇంటియజమానికి కూడా పెడతాయి. నీరు మరీ వేడెక్కితే ఈ పొత్తు చెడి, శైవలాలు వెళ్లిపోయి, పగడాలు తెల్లబోతాయి. 2023లో మొదలైన అటువంటి విపత్తును ప్రపంచవ్యాప్తంగా నాలుగోదిగా 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు థర్మామీటరు నాలుగుసార్లు చూసుకున్నాను, పిచ్చి కాకపోతే.

2014లో నాన్నగారికి గుండె ఆపరేషను జరిగితే మూడు వారాలు విశాఖ వెళ్లాను. ప్రతి ఆదివారం ఫోనులో ఆయన అడిగే మొదటి ప్రశ్న "నా వంద డాలర్లు ఎలా ఉన్నాయి?" అనే. కోలుకుంటున్న రోజుల్లో ఆయనకు తోడుగా తెన్నేటి పార్కు వైపు వెళ్లాను. ఆయన పైన బెంచీ మీద కూర్చుంటే, పోటు తీసిన రాళ్ల మధ్యకు దిగాను. నిలిచిన నీటి గుంటల్లో సన్యాసి పీతలు, సముద్ర ఆనిమోన్లు, ఒక రాతి పక్కన చాపలా పరుచుకున్న బొత్తాల వంటి పాలిప్‌లు. జాతి ఏదో చెప్పే సాహసం చేయను గానీ, మా తొట్టిలో వాటికి దగ్గరి చుట్టాలే. నేను చదివిన విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో! రెండేళ్ల చదువులో ఒక్కనాడూ అక్కడ వంగి చూడలేదు. దేన్నీ తాకకుండా పైకి వచ్చాను. గట్టి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పట్టుకున్నా అమ్మినా నేరం. ఎవరైనా దుకాణంలో చాటుగా చూపించినా ఆశపడకండి.

తిరిగి వచ్చేసరికి తొట్టిలో పాలిప్‌లన్నీ ముడుచుకుని ఉన్నాయి. నీళ్లు సరిగ్గా బొట్టుబిళ్ళ దగ్గరే ఉన్నాయి. మావారు ఒక్కరోజు మానలేదు. అయితే, వంటింటి గట్టు కింద రెండు డబ్బాలు పక్కపక్కనే పెట్టి వెళ్లాను, ఒకటి మంచినీళ్లు, ఇంకొకటి వారానికోసారి మార్చే ఉప్పునీళ్లు. దేని మీదా పేరు రాయలేదు. ఆయన మూడు వారాలూ ఉప్పునీళ్లే పోశారు. హైడ్రోమీటరు ముల్లు అంకెలు దాటి పైకి పోయి ఆనుకుంది. మాస్టారుగారి పరికరంతో కొలిస్తే 1.034. ఒక్కసారిగా దించితే ఆ దెబ్బకే చస్తాయి కనుక ఆరు రోజుల పాటు గ్లాసు తీసి గ్లాసు పోస్తూ దించాను. అప్పటికి ముప్ఫై దాకా పెరిగిన పాలిప్‌లలో పదకొండు బతికాయి. ఆయన ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా తొట్టి దగ్గరికి వెళ్లి, ఎన్ని విచ్చుకున్నాయో లెక్కపెట్టేవారు. "ఏవండీ, తప్పు నాదే, పేరు రాయలేదు" అంటే వినిపించుకోలేదు.

నాన్నగారు 2019లో వెళ్లిపోయారు. ఆదివారాలు ఆ ప్రశ్న అడిగేవారు లేరు. తొట్టి మారింది, ఇప్పుడు పది గ్యాలన్లది, ఎల్.ఈ.డీ. దీపం. నేను ఒక నీటి పరీక్షాశాలలో పని చేస్తున్నాను. ఆ తొమ్మిది పాలిప్‌ల సంతతి ఇప్పుడు లెక్కకు అందదు, ఈ ఊళ్లో అయిదిళ్లకు అంటు ఇచ్చాను. పాత రెండున్నర గ్యాలన్ల తొట్టిని పోయిన నెలలో, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయికి మా రాతిముక్కతో సహా ఇచ్చేశాను. "అక్కా, చేప ఎప్పుడు వేయొచ్చు?" అన్నది మొదటిరోజే. అమ్మోనియా పరీక్షసామగ్రి ఆమె చేతిలో పెట్టాను. ఇప్పుడు మూడో వారం. రాయంతా గోధుమరంగు పట్టి అసహ్యంగా ఉందని నిన్న ఫోటో పంపింది.