పెనాంగ్ వంటింట్లో మన చింతపండు

మలేషియాకు వాయవ్యాన సముద్రంలో ఉన్న చిన్న ద్వీపం పెనాంగ్. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇక్కడ దిగి జార్జిటౌనుకు పునాది వేశాడు. 2008లో యునెస్కోవారు ఆ పాత పట్నాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. అక్కడి మార్కెట్టు పేరు వింటే మనవాళ్ళకు నవ్వొస్తుంది: 'చౌరస్తా'! మలై, చీనా, తమిళ భాషలు మూడూ ఆ బజారులో ఒక్కసారే చెవిని పడతాయి.

రొయ్యను మలైవారు 'ఉడాంగ్' అంటారు. దాని వంటకు ప్రాణం 'బలచాన్'. సన్నని రొయ్యపొట్టును ఉప్పు వేసి ఊరబెట్టి, దంచి, ఎండబెట్టి, ఇటుకల్లా కట్టిన ముద్ద అది. వాసన సంగతి చెప్పకూడదు. ఎండు రొయ్యలు తెలిసిన కోస్తావారు మాత్రం ముక్కు మూసుకోరు.

'సంబల్ ఉడాంగ్' మన ఇగురుకు చుట్టమే. అరకిలో రొయ్యలకు పదిహేను ఎండుమిరపకాయలు వేడినీళ్ళలో నానబెట్టి, పది చిన్న ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాల్చిన బలచాన్ ఉసిరికాయంత వేసి మెత్తగా నూరాలి. బలచాన్ దొరకకపోతే వేయించిన రొయ్యపొట్టు పొడి వేసుకోవచ్చు. రుచి అదే కాదు గాని దగ్గరకు వస్తుంది. ఈ ముద్దను సన్నని సెగమీద ఓపికగా వేయించాలి. మనం 'నూనె తేలింది' అనే చోట వాళ్ళు 'నూనె పగిలింది' అంటారు. అప్పుడు చింతపండు పులుసు, ఉప్పు, కాస్త పంచదార వేసి, చిక్కబడ్డాక రొయ్యలు వేస్తే మూడు నాలుగు నిమిషాల్లో దించేయవచ్చు. రొయ్య నెలవంకలా వంగితే ఉడికినట్టు. ఉంగరంలా చుట్టుకుంటే మించిపోయినట్టు. మన ఇళ్ళలో అరగంటసేపు ఉడికించి రబ్బరు చేసే అమ్మలు ఈ మాట మన్నించాలి!

చీనావారి పద్ధతి వేరు. వారికి నిప్పే మసాలా. రొయ్యలను గుడ్డతో తడి లేకుండా తుడిచి, మూకుడు పొగలు కక్కేదాకా కాచి, అల్లం వెల్లుల్లి వేసిన మరుక్షణమే రొయ్యలు వేస్తారు. రెండు మూడు నిమిషాలు కలియబెట్టి, సోయా సాసు, ఉల్లికాడలు చల్లితే అయిపోయింది. మన ఇంటి పొయ్యికి అంత సెగ ఉండదు కనుక రొయ్యలు కొద్దికొద్దిగా వేసుకోవాలి; ఒక్కసారే కుమ్మరిస్తే నీరు ఊరి వేపుడు పులుసవుతుంది. తలలు, పెంకులు వాళ్ళు పారేయరు. నూనెలో ఎర్రగా వేయించి, నీళ్ళు పోసి మరిగించి వడగడితే చక్కని చారు. పెనాంగ్‌లో పేరుపడ్డ 'హొక్కియన్ మీ' సేమ్యాకు ఆ చారే ఆధారం. అంగళ్ళలో అందులో పందిమాంసపు ఎముకలు కూడా వేస్తారు కనుక తిననివారు అడిగి మరీ తినాలి.

చీనా హోటళ్ళలోనే వెన్నలో వేయించిన రొయ్యలు పెడతారు. దానిమీద కరకరలాడే కరివేపాకు! దక్షిణదేశం నుంచి వలస వెళ్ళినవారితో ఆ గడ్డమీద అలవాటైన ఆకు అది.

ఆ వలసలో తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపునుంచి రబ్బరు తోటలకు, కొబ్బరితోటలకు కూలికి వెళ్ళినవారి సంతతి పేరా రాష్ట్రంలో బాగన్ దాతో ప్రాంతాన ఇప్పటికీ ఉంది. 1955లో వారు తమకొక ఆంధ్ర సంఘం ఏర్పరచుకున్నారు. తోటల్లో ఒకప్పుడుండిన తెలుగు బడులు మూతపడ్డాయి.

అక్కడ ఒక ఇంట్లో నేను భోజనం చేశాను. ఇంటి పెద్దావిడ పొయ్యిదగ్గర మనమరాలిని నిలబెట్టుకుని, ప్రతి దినుసు పేరూ తెలుగులో చెబితేగాని అందుకోనివ్వడం లేదు. బడిలో మలై, ఇంగ్లీషు చదివే పిల్ల అది. 'చింతపండు, ఉల్లిపాయ, వెల్లుల్లి' అని తడుముకుంటూ చెబుతోంది.

"బళ్ళో ఎలాగూ లేదు బాబూ, వంటింట్లోనైనా ఉండనీ" అంది ఆవిడ.

పిల్ల బలచాన్ ముద్ద ఎత్తి పట్టుకుని, దీన్ని తెలుగులో ఏమంటారని నన్నడిగింది. తెలుగు పంతులును గదా! నేను ఆలోచించేలోగా ఆవిడే అందుకుంది:

"బలచాన్‌కు తెలుగు బలచానేనే. నూరు, పొయ్యి ఆరిపోతోంది."