మంత్రదండం, రెక్కల గుర్రం

గడచిన షాబాన్ నెలలో వార్షిక పరీక్షలు ముగిసిన నాటి నుండి షవ్వాల్‌లో మద్రసా మళ్ళీ తెరుచుకునే లోపు, రమజాన్ మాసాన్ని దివ్యఖుర్ఆన్‌కే కేటాయించగా మిగిలిన రోజులలో, మేము ఐదు ఆంగ్ల నవలలను, ఒక తెలుగు కథల సంపుటిని చదివాము. నవలలన్నీ కౌమారంలో ఉన్న పిల్లలు ఇష్టపడి చదువుకునేవే. మంత్రాలు, మాయానగరాలు, మాట్లాడే గుర్రాలు, జిన్నాతులు వాటినిండా ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినందున పని నిదానంగా సాగింది. పాఠకులకు మనవి చేసుకోదలచినది ఇది ఫత్వా కాదని. చదివిన వారి అభిప్రాయం మాత్రమే.

మేముండే గోపన్‌పల్లికి ఒక వైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయపు ప్రాంగణం, మరో వైపు సాఫ్ట్‌వేర్ సంస్థల అద్దాల భవనాలు, నడుమ రోజురోజుకూ ఎత్తు పెరిగే అపార్టుమెంట్లు ఉన్నాయి. సాయంకాలపు మక్తబ్‌కు వచ్చే పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, కాపలాదారుతోను కూరగాయల బండి దగ్గరా తెలుగు మాట్లాడతారు, చదివేది మాత్రం ఆంగ్లంలో. వారి సంచిలో ఖాయిదా పక్కన ఇటుకంత మందం గల నవల ఉంటుంది. బడి గ్రంథాలయం నుండో, డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నుండో, ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరచిన పాత పుస్తకాల గుట్టల నుండో అవి వస్తాయి. మేము చదివినవి కూడా ఎక్కువగా ఆ ఫుట్‌పాత్ మీద కొన్నవే.

కథల పట్ల మన ధర్మ పండితులకు గల జాగరూకత అకారణమైనది కాదు. మక్కాలో నజ్ర్ బిన్ హారిస్ అనే వ్యక్తి రుస్తుం, ఇస్ఫందియార్‌ల పారశీక గాథలు నేర్చుకుని వచ్చి, దైవప్రవక్త (స) ప్రబోధించిన చోటనే కూర్చుని, తన కథలే మేలైనవని జనాన్ని తనవైపు మళ్ళించేవాడు. సూరహ్ లుఖ్మాన్ ఆరవ ఆయతు వివరణలో ఎందరో వ్యాఖ్యాతలు ఈ సంగతిని ప్రస్తావించారు. అయితే అక్కడ ఖండించబడినది ఒక ఉద్దేశ్యం. అల్లాహ్ మార్గం నుండి జనాన్ని తప్పించడానికి కథను పనిముట్టుగా వాడటం. రుస్తుం కథ విన్న ప్రతివాడూ నజ్ర్ బిన్ హారిస్ కాడు.

దానికి ఎదురుగా సుననె అబూదావూద్‌లోని మరొక ఉల్లేఖనాన్ని ఉంచి చూడాలి. హజ్రత్ ఆయిషా (ర) ఆటబొమ్మల నడుమ ఒక గుర్రం ఉంది. దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్నాయి. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. హజ్రత్ సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన దంతాలు కనిపించేంతగా నవ్వారు. ఈ హదీసును మేము ఏటా పాఠంగా చెబుతాము. బొమ్మల ధర్మనిర్ణయం గురించి విద్యార్థులు ప్రశ్నలు అడుగుతారు గాని, ఆ నవ్వు గురించి అడిగినవారు అరుదు.

మా పాఠ్యగ్రంథాలలోనూ కల్పన లేకపోలేదు. బస్రాకు చెందిన హరీరీ రచించిన యాభై మఖామాత్‌ను అరబీ సాహిత్యం నేర్పడానికి తరతరాలుగా బోధిస్తున్నాము. అందులో మొదటి కథలోనే అబూ జైద్ అనే మాయలమారి పరలోక భయం గురించి ప్రసంగించి శ్రోతలను కరిగించి, వసూలైన సొమ్ముతో గుహలో చేరి, వేయించిన మేకపిల్లతోను నబీజ్ కూజాతోను పట్టుబడతాడు. పదహారేళ్ళ తాలిబ్‌కు దీనిని పరీక్షకు పెట్టే మనకు, పదహారేళ్ళ బాలిక చేతిలోని నవలను చూసి ఉలిక్కిపడే హక్కు కొంచెం తక్కువే.

ఇక పుస్తకాల సంగతి.

హ్యారీ పాటర్ మొదటి సంపుటం 1997లో వెలువడింది. మెట్ల కింది అరలో పడుకునే అనాథ బాలుడు, మాంత్రికుల బడి, మంత్రదండం. తల్లిదండ్రుల భయమంతా ఆ దండం చుట్టూనే. మేము దానినే జాగ్రత్తగా గమనించాము. ఈ కథలో మంత్రం ఎవరినీ ఆరాధించదు, ఏ జిన్నునూ వేడుకోదు. పుట్టుకతో వచ్చిన ఒక శక్తిని బడిలో సాధన చేస్తారు, అంతే. సూరహ్ అల్‌బఖరలో హారూత్, మారూత్‌ల ప్రస్తావనలో మనకు హెచ్చరించబడిన చేతబడి వేరు. అది మనిషిని అవిశ్వాసానికి ఈడ్చేది, భార్యాభర్తలను విడదీసేది. అటువంటి దానిని గోపన్‌పల్లిలో వెతకాలంటే నవల తెరవనక్కరలేదు. ఆటో వెనుక అంటించిన కాగితం చాలు. సమస్త సమస్యలకూ ఇరవై నాలుగు గంటలలో పరిష్కారమని రాసి ఫోను నంబరు ఇస్తారు. నవలలోని దండాన్ని చూసి భయపడే ఇల్లే, పిల్లకు జ్వరం వస్తే ఆమిల్ దగ్గరికి వెళ్ళి డబ్బు చెల్లించి తాడు కట్టించుకుని వస్తుంది. ఈ రెండింటిలో ఈమాన్‌కు ఏది ప్రమాదకరమో మా విద్యార్థులలో చిన్నవాడు కూడా చెప్పగలడు.

నవలగా దాని విలువ ఎంత? పిల్లల స్నేహం చక్కగా ఉంది. మనసులోని కోరికను చూపే అద్దం ముందు ఆ అనాథ తన తల్లిదండ్రులను చూస్తూ రాత్రులు గడపడం, అలా కూర్చుండిపోతే జీవితం వృథా అవుతుందని పెద్దాయన హెచ్చరించడం మమ్మల్ని కదిలించాయి. నియమాలు ఉల్లంఘించిన ప్రతిసారీ బహుమతి దొరకడం మాత్రం ఉపాధ్యాయునిగా మాకు రుచించలేదు.

ఇక్కడ మరొక మాట. మన పూర్వీకులకు మాంత్రిక గాథలు కొత్త కావు. లక్నోలో మున్షీ నవల్ కిషోర్ ముద్రణాలయం 1883లో తిలిస్మె హోష్‌రుబా మొదటి సంపుటిని వెలువరించింది. అందులో అఫ్రాసియాబ్ అనే మాంత్రిక చక్రవర్తి, ఎంత వేసినా నిండని జంబీల్ సంచిని మోసే అమ్ర్ అయ్యార్ ఉన్నారు. చూడటానికి హ్యారీ పాటర్‌కు తాతగారి వరుస. అయితే ఆ దాస్తాన్ మీద మా అభ్యంతరం ఎక్కువ. ఎందుకంటే అది ఉహుద్‌లో అమరుడైన హజ్రత్ హమ్జా (ర) నామాన్ని కథానాయకునికి పెట్టి, జరగని యుద్ధాలను ఆయనకు అంటగట్టింది. కల్పించుకున్న బాలుని గురించి కల్పన చేయడం ఒకటి, సహాబీ పేరు మీద కల్పన చేయడం మరొకటి. ఉర్దూలో ఉన్నదంతా మనదని, ఆంగ్లంలో ఉన్నదంతా పరాయిదని లెక్క కట్టేవారు దీనిని ఆలోచించాలి.

సి. ఎస్. లూయిస్ రచించిన నార్నియా నవలలు ఏడు. వాటిలో మేము రెండింటిని చదివాము. 1954 నాటి 'ద హార్స్ అండ్ హిజ్ బాయ్', 1956 నాటి 'ద లాస్ట్ బ్యాటిల్'. వీటిలో మంత్రాలు తక్కువ. అందువల్ల తల్లిదండ్రులు నిశ్చింతగా కొనిపెడుతున్నారు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించినవి ఇవే. దక్షిణాన ఎడారికి అవతల కాలోర్మెన్ అనే రాజ్యం ఉంటుంది. అక్కడివారు నల్లని ముఖాలవారు, తలపాగాలు చుట్టుకుంటారు, వంకర కత్తులు ధరిస్తారు, క్రూరులు. ఇక వారు పూజించేది గద్ద తల, నాలుగు చేతులు గల ఒక విగ్రహాన్ని! విగ్రహారాధనను వేరుతో పెకలించిన సమాజపు వేషం వేయించి, దాని చేతిలో విగ్రహాన్ని పెట్టడం ఐరోపాలో పాత అలవాటే. మధ్యయుగపు ఫ్రెంచి వీరగాథ 'రోలాండ్ గీతం'లోనూ ముస్లిములను విగ్రహారాధకులుగానే చూపారు. ఈ నవల చదివిన పిల్లవాడొకడు మా తలపాగా వంక కొంతసేపు చూసి నవ్వు ఆపుకున్నాడు. మేమూ నవ్వాము. కాని ఆ నవ్వు మాకు పూర్తిగా రాలేదు.

న్యాయంగా చెప్పవలసినది కూడా ఉంది. ఇంటి నుండి పారిపోయే కాలోర్మెన్ బాలిక అరావిస్ ధైర్యశాలి. చివరి నవలలో ఆ దేశపు సైనికుడు ఒకడు తన నిజాయితీ కారణంగా మన్నించబడతాడు. అయితే ఒక్కరిని మంచివారిగా చూపి ఒక జాతిని విడిచిపెట్టడం మాకు సరిపోలేదు. ఈ పుస్తకాలను దాచమని అనము. పెద్దవారు పక్కన కూర్చుని చదివించాలి.

'ద సిటీ ఆఫ్ బ్రాస్' 2017లో వచ్చింది. రచయిత్రి ఎస్. ఎ. చక్రవర్తి ఇస్లాం స్వీకరించిన అమెరికా వనిత. పద్ధెనిమిదో శతాబ్దపు ఖైరోలో మోసాలు చేసి బతికే నహ్రీ అనే యువతి పొరపాటున ఒక జిన్ను యోధుని రప్పించి, దేవాబాద్ అనే జిన్నాతుల నగరానికి చేరుతుంది. అజాన్ వినిపించే, ఫజ్ర్ నమాజుకు లేచే రాకుమారుడున్న మాయానవలను మేము ఇంతకుముందు ఎరుగము. అలీ అనే ఆ రాకుమారుడు, మనిషి రక్తం కలిసినందుకు అణగద్రొక్కబడుతున్న షఫీత్ అనే జనానికి రహస్యంగా ధనసహాయం చేస్తాడు. ఆ సొమ్ము ఆయుధాలకు వెళుతున్నదా, అనాథలకు వెళుతున్నదా అన్న సందేహం అతనిని తొలుస్తుంది. జకాత్ సొమ్మును లెక్క అడగకుండా ఇచ్చేవారందరూ చదవవలసిన ఘట్టం అది. అయితే ఈ నవల పెద్దలకై రాయబడినది. హింస, రాజభవనపు నీతిబాహ్య వ్యవహారాలు అందులో ఉన్నాయి. పద్ధెనిమిది నిండనివారికి మేము ఇవ్వము. జిన్నాతుల గురించి రచయిత్రి చెప్పే వంశాలు, తెగలు, చరిత్ర అంతా కల్పన అనీ, మన విశ్వాసంలో భాగం కాదనీ కూడా స్పష్టంగా చెప్పి ఇవ్వాలి.

మాకు బాగా నచ్చినది మలేషియా రచయిత్రి హన్నా అల్‌కాఫ్ 2020లో వెలువరించిన 'ద గర్ల్ అండ్ ద ఘోస్ట్'. సురయా అనే చిన్నపిల్లకు మంత్రగత్తె అయిన అమ్మమ్మ నుండి వారసత్వంగా ఒక పెలెసిత్ సంక్రమిస్తుంది. అది మలయ్ జానపదుల నమ్మకంలోని ఒక దుష్టాత్మ. పగలు మిడత రూపంలో ఆమె వెంట ఉంటుంది. సురయా దానికి పింక్ అని పేరు పెడుతుంది. తల్లి బడిపంతులమ్మ, కర్తవ్యం తప్పదు గాని కూతురితో మనసు విప్పి మాట్లాడదు. ఆ ఖాళీలో మిడతే పిల్లకు నేస్తమవుతుంది. బడిలో జింగ్ వేయ్ అనే స్నేహితురాలు దొరికినప్పుడు అది అసూయతో విషం కక్కుతుంది. దుష్టశక్తి ఎక్కడి నుండి వచ్చిందని ఈ నవల అంతగా అడగదు. అది ఇంట్లో కూర్చోవడానికి చోటెలా దొరికిందని అడుగుతుంది. సంపాదించుకునే మంత్రగాడు ఒకడు పెద్దమనిషి రూపంలో వచ్చి తల్లిని నమ్మించే తీరును కూడా రచయిత్రి నిర్మొహమాటంగా చూపింది.

ఈ నవల మా చేతికి వచ్చిన విధం చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన ఒక తండ్రి దీనిని తెచ్చి మా ముందు పెట్టి, "మౌలానా, ఇది మా అమ్మాయి ఎక్కడ దాచిందో తెలుసా? జుజ్‌దాన్‌లో! ఖుర్ఆన్ షరీఫ్ గిలాఫ్‌లో!" అన్నాడు. ఆయన గొంతు వణికింది. ఆ వణుకు ఈమాన్ నుండి వచ్చినదే, దానిని మేము గౌరవించాము. అమ్మాయిని పిలిచి, దివ్యగ్రంథపు గిలాఫ్‌లో మరే పుస్తకం ఉంచరాదని చెప్పాము. తలవంచుకుని విన్నది. అక్కడే ఎందుకు దాచావు బేటీ అని అడిగాము.

"హజ్రత్, అక్కడైతే ఎవరూ చూడరు. దానిని రమజాన్‌లోనే తీస్తారు."

తండ్రి ఏమీ మాట్లాడలేదు. మేము కూడా ఆ మాటకు ఏమీ జోడించలేదు. పుస్తకాన్ని మూడు రోజుల గడువుకు అడిగి తీసుకున్నాము. చదివిన తరువాత తల్లికి పంపించి, ముందుగా ఆమెను చదవమన్నాము. ఆమెది రాత్రి షిఫ్టు ఉద్యోగం. చదవడానికి నెల పట్టింది. ఆ నెలలో తల్లీకూతుళ్ళ మధ్య ఏ మాటలు జరిగాయో మేము విచారించలేదు, విచారించడం మా పని కాదు.

తెలుగు సంపుటి మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఇందులో మంత్రాలు లేవు. నెల్లూరు సీమలో ఒక పేద ముస్లిం ఇంటి పిల్లవాని బాల్యం ఉంది, ఆ ఇంటి భాషలోనే. అక్కడక్కడ మోటు మాటలున్నాయి. అవి తప్పించి పిల్లలకు పైకి చదివి వినిపించాము. మక్తబ్‌లో అంత నవ్వు ఎన్నడూ వినలేదు. అపార్టుమెంటు పద్నాలుగో అంతస్తులో పుట్టిన పిల్లలు, తమ తాతలనాటి ఇళ్ళు ఇలాగే ఉండేవా అని ఇంటికి వెళ్ళి అడిగారట. అయితే మాయాకథల విషయంలో మన తెలుగు ముస్లిం పిల్లలకు చేతికందే పుస్తకం దాదాపు లేదు. మా తరం చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'రాకాసిలోయ' వంటి ధారావాహికలతో పెరిగింది. ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని గోల్కొండలో, 1635లోనే ముల్లా వజ్హీ దక్కనీ గద్యంలో 'సబ్‌రస్' రాశాడు. బుద్ధి ఒక రాజు, హృదయం అతని కుమారుడు, అమృతజలం కోసం అన్వేషణ. ఆ నేల మీదనే కూర్చుని మన పిల్లలు లండన్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారాన్ని కలగంటున్నారు.

షవ్వాల్‌లో తరగతులు మొదలైన తరువాత సూరహ్ అన్‌నమ్ల్ పాఠం వచ్చింది. హజ్రత్ సులైమాన్ (అ) సైన్యం వస్తున్నదని తోటి చీమలను హెచ్చరించిన చీమ ప్రస్తావన చెబుతుండగా, ఒక బాలుడు ఆ చీమ పేరేమిటని అడిగాడు. కొన్ని వ్యాఖ్యాన గ్రంథాలలో పేర్లు కనిపిస్తాయి, కాని వాటికి గట్టి ఆధారం లేదు. దివ్యఖుర్ఆన్ మౌనం వహించిన చోట మనం పేరు పెట్టరాదని చెప్పాము. "అయితే హజ్రత్, వేరే చీమకు పెట్టవచ్చా? మన గోపన్‌పల్లి చీమకు?" అన్నాడు. పెట్టవచ్చని అన్నాము.

మరునాడు రెండు పుటలు రాసుకొచ్చాడు. భవన నిర్మాణం కోసం జేసీబీ వచ్చి బండరాయిని పెళ్ళగించబోతుంటే, దాని కింద ఉన్న పుట్టలోని చీమ డ్రైవరుకు ఎలాగైనా ఒక మాట చెప్పాలని పైకి ఎక్కుతుంది. సగం ఆంగ్లం, పావు ఉర్దూ, పావు తెలుగు. మేము అక్షరదోషాలు మాత్రం దిద్ది, మొత్తం తెలుగులో రాసుకురమ్మని చెప్పాము. డ్రైవరుకు చీమ భాష ఎలా అర్థమవుతుందని అడిగితే, అది ఇంకా ఆలోచించలేదన్నాడు.