ఆకు ఎర్రబడితే అన్నిసార్లు రోగం కాదు



ఈ ఫొటోలు మా ఊరి పల్లె ప్రకృతి వనంలోని బాదం చెట్లవి. అమెరికాలో ఉన్న మా బిడ్డ అక్టోబర్‌లో అక్కడి చెట్ల రంగులు ఫొటో తీసి పంపింది. "మన దగ్గర ఇట్ల ఉండదు గదా నాన్నా" అన్నది. ఉంటది బిడ్డా, కాకపోతే మనకు మాఘమాసంలో వస్తది. అది చూపిద్దామనే నిన్న పొద్దున్నే ఫోన్ పట్టుకొని పోయిన.

నా ఫోన్ నిండా ఆకుల ఫొటోలే. అన్నీ రోగమొచ్చిన ఆకులే. అందంగ ఉందని ఒక ఆకును ఫొటో తీయడం ఈ 54 ఏళ్లలో ఇదే మొదలు.

ఆకు వెనక నుంచి ఎండ పడేటట్టు నిలబడి, బాగా దగ్గరికి పోయి తీసిన. ఒకే ఆకులో పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఎండ తగిలే కొమ్మకు ఎరుపు ఎక్కువ, నీడకున్న కొమ్మకు పసుపు ఎక్కువ. ఆకును రాల్చే ముందు చెట్టు అందులోని నత్రజనిని చాలావరకు వెనక్కి గుంజుకుంటది. పచ్చదనం తగ్గేకొద్దీ ఈ రంగులు వస్తయి. అంటే ఇది రోగం కాదు, చెట్టు తన సొమ్ము తాను దాచుకోవడం.

ఆ ఫొటోను పెద్దగ చేసి ఈనెలు చూస్తుంటే నా పత్తి యాదికొచ్చింది. మొన్నటి వానాకాలం పంట ఇట్లనే ఎర్రబడ్డది. ఆకు పట్టుకొని చూడకుండ, ఎర్రబడ్డదని దుకాణంలో చెప్పి వాళ్లిచ్చిన పురుగు మందు రెండుసార్లు కొట్టిన. తగ్గలే. అప్పటి ఫొటో నిన్న మళ్ల తీసి చూసిన. దూరం నుంచి తీసింది, మసక. అయినా కనిపిస్తనే ఉంది. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య ఎరుపు, ఈనెలు మాత్రం పచ్చగ. అది మెగ్నీషియం లోపం. లీటరు నీళ్లకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొట్టాల్సింది. మందు పైసలు పోయినయి, దిగుబడీ పోయింది. తప్పు నా కంటిదే.

అందుకే చెప్తున్న. పంట ఆకు ఫొటో తీస్తే దగ్గర నుంచి తీయండి. పైనొకటి, అడుగునొకటి, ఈనెలు కనపడేటట్టు. తెలిసినోళ్లకు చూపించినంకనే మందు కొనండి.

ఫొటోలు చూసి మా బిడ్డ "ఇది మన ఊరేనా నాన్నా?" అని అడిగింది. మన ఊరే బిడ్డా. నేను గూడ ఇప్పుడే చూసిన.

మీ ఊళ్లో బాదం చెట్టుంటే ఈ వారంలోనే పోయి చూడండి. ఆకు రాలినంక ఈ రంగులుండవు.