అమ్మ రంగు

అమ్మ సంవత్సరీకానికి హాల్లో పెట్టేందుకు ఓ పెద్ద ఫొటో వేయించాలనుకున్నాం. పెరట్లో, పొద్దుటి ఎండలో, వంకాయ రంగు వెంకటగిరి చీరలో నవ్వుతున్న ఫొటో. నేనే తీశాను. నాలుగు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చుని సరిదిద్ది, పెన్‌డ్రైవ్‌లో వేసి ల్యాబులో ఇచ్చాను.

సాయంత్రానికి 12 బై 18 సైజు ప్రింటు చేతికొచ్చింది. చీర పదేళ్లు ఉతికినట్టు వెలిసిపోయింది. దానికేం గానీ, అమ్మ తెల్లబడిపోయింది! చామనఛాయ మనిషికి పౌడరు దట్టించినట్టుంది. అక్క చూసి, "ఎవర్రా ఈవిడ?" అంది.

అడిగితే ల్యాబు కుర్రాడు, "కొంచెం ఫెయిర్ చేశాను సార్. అందరూ అదే అడుగుతారు" అన్నాడు. అతన్ననేం లాభం? ఏ పెళ్లి ఆల్బమ్ తిరగేసినా నల్లటి పెళ్లికూతురు కనిపించదాయె. బతికినన్నాళ్లూ నలుపని అత్తారింట్లో మాటలు పడింది అమ్మ. పోయాక కూడా ఆ రంగు తుడిచేయాలా అనిపించింది.

'కరెక్షన్ వద్దు' అని రాసి మళ్లీ ఇచ్చాను. ఈసారి మొహం చీకట్లో కలిసిపోయింది. ఆ తప్పు నాదే. లైటు తీసేసిన గదిలో మానిటర్ వెలుతురు నిండా పెట్టుకుని దిద్దాను మరి! తెర తనంతట తనే వెలుగుతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు, దానిమీద పడ్డ వెలుతురే దిక్కు. చీర వెలవడానికీ కారణం నేనే. కెమెరాను అడోబ్ ఆర్‌జీబీలో పెట్టాను. చాలా ల్యాబుల్లో, వచ్చిన ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనుకునే ప్రింటు వేస్తారు. 1996లో వచ్చిన ఈ రెండో పద్ధతికి రంగుల పరిధి తక్కువ. అందులో దీన్ని చదివితే రంగులు పాలిపోతాయి. ఇచ్చేముందు ఫైలు మార్చుకుంటే సరిపోయేది.

మూడోసారి మానిటర్ వెలుతురు తగ్గించి దిద్దుకున్నాను. ఫైలు మార్చాను. పెద్దది కాకుండా, కొద్ది కొద్ది తేడాలతో 4 బై 6 సైజువి నాలుగు వేయించాను. ట్రంకుపెట్టెలోంచి అమ్మ చీర తీసి సంచిలో పెట్టుకెళ్లాను. ట్యూబ్‌లైటు కింద కాదని కుర్రాణ్ని బయట అరుగు మీదికి పిలిచి, పగటి వెలుతురులో చీర కొంగు పక్కన ఒక్కొక్కటీ పెట్టి చూశాం.

"మూడోది సార్" అన్నాడు తనే. కాసేపాగి, "అమ్మగారు ఈ రంగేనా?" అన్నాడు.

"ఈ రంగే."

పెద్ద ప్రింటు కవరు మీద 'కరెక్షన్ వద్దు' అని ఈసారి అతనే రాశాడు.

దానికే దండ వేశాం. మొదటి రెండూ బీరువా వెనకాల ఉన్నాయి. పారేయడానికి చేతులు రావడం లేదు.